ఎవరికీ కనిపించని దండెం

రండర్రా, ఇలా దగ్గరికి జరిగి కూచోండి. ఆడపిల్లలు ముందుకు రండి. మగపిల్లలు లేచిపోనక్కర్లేదు, మీరూ వినవలసిందే. ఇది దురద కథ. నవ్వుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే కథ దారి తప్పి ఏ పెళ్ళిలోకో పురిటిలోకో వెళ్ళిపోతుంది.

సారవవలసలో డిగ్రీ చదివే ఆడపిల్లలకు ప్రభుత్వం వారి హాస్టలు ఒకటి ఉండేది. రెండంతస్తుల మేడ, పైన డాబా, డాబా మీద ఈ చివరి నుంచి ఆ చివరికి దండేలు. పొద్దున్నే బట్టలు వేస్తే భోజనాల వేళకు పెళపెళలాడుతూ ఆరేవి. చుడీదార్లు, పరికిణీలు, తువ్వాళ్ళు, వాటి పక్కనే లోపల తొడుక్కునేవి. ఎవరూ వాటి గురించి విడిగా ఆలోచించేవారు కాదు. కాకులు కూడా వాటి మీద పనిగట్టుకుని వాలేవి కావు.

ఆ హాస్టలుకు వార్డెను పైడిరత్నం. మనిషి మంచిదే, కానీ భయస్తురాలు. కాగితం మీద గుండ్రటి ముద్ర కనిపిస్తే కళ్ళకద్దుకునే రకం. నియమం అంటే ఆవిడకు అమ్మవారి మొక్కులాంటిది. ఎందుకని అడగదు, తీర్చేస్తుంది. నీళ్ళు పొదుపుగా వాడవలెనని పైనుంచి కబురొస్తే, పిల్లల సంగతి దేవుడెరుగు, ముందు తన స్నానంలో చెంబులు తగ్గించుకున్న మనిషి.

అలాంటి మనిషికి ఎదురుగా, సరిగ్గా రోడ్డుకు అవతల, సంక్షేమాధికారి కార్యాలయం కొత్త భవనంలోకి వచ్చి దిగింది. అధికారి పేరు పరాంకుశరావు. ఆయన గది కిటికీ తెరిస్తే ఎదురుగా హాస్టలు డాబా. ఆయన వచ్చీరాగానే కిటికీ తెరిచారు. ఆ వెనకే సర్క్యులరు వచ్చింది.

"వసతిగృహ విద్యార్థినుల సున్నిత వస్త్రములు బహిరంగ దృష్టికి గోచరించరాదు. పట్టణ సౌందర్యము దృష్ట్యా, సంస్కృతి దృష్ట్యా ఇందుమూలముగా ఆదేశించడమైనది."

పైడిరత్నం పిల్లల్ని వరండాలో కూచోబెట్టి అక్షరం పొల్లుపోకుండా చదివింది.

"సున్నిత వస్త్రాలంటే ఏటి మేడమ్?" అంది వెనక నుంచి ఒక పిల్ల.

"అవే."

"అవే అంటే?"

"అవేనమ్మా. నా ప్రాణం తియ్యకు."

నియమం పెట్టినవారు ఎక్కడ ఆరేయకూడదో చెప్పారు గానీ ఎక్కడ ఆరేయాలో చెప్పలేదు. పిల్లలు తోచిన చోటల్లా పెట్టారు. మంచాల కింద తాళ్ళు కట్టారు. ట్రంకుపెట్టెల వెనక్కి తోశారు. ఒకతె తడి తువ్వాలు కింద దాచింది. ఇంకొకతె పరికిణీ కింద పెట్టి, పరికిణీ మీద దుప్పటి వేసి, దుప్పటి మీద మళ్ళీ తువ్వాలు కప్పింది. శవం మీద కూడా అన్ని గుడ్డలు కప్పరు. పైగా వానాకాలం. పొద్దున్న తీసి చూస్తే చల్లగా, చెమ్మగా, ముక్కిపోయిన వాసన. కాలేజీ వేళవుతోందని వాటినే తొడుక్కుని, వాటిమీద గాలి చొరబడని బిగుతు లెగ్గింగులు ఎక్కించి పరుగెత్తేవారు. సాయంత్రం దాకా ఆ చెమ్మ ఒంటిమీదే ఉండేది.

దురద మొదలైంది.

ముందు ఎవరూ ఎవరితోనూ చెప్పలేదు. తలనొప్పి అంటే ఊరంతా చుట్టూ మూగి తలా ఒక మందు చెబుతారు. ఇది మాత్రం నోరు విప్పి చెప్పుకునేది కాదని ఎవరు నేర్పారో గానీ ఆడపిల్లలందరికీ కంఠతా వచ్చు. ప్రతి పిల్లా తనొక్కదానికే వచ్చిందనుకుంది. పొద్దున ప్రార్థనకు నిలబెడితే వరసంతా ఈ కాలి మీదికీ ఆ కాలి మీదికీ మారుతూ, గాలికి వరిచేను ఊగినట్టు ఊగేది. పైడిరత్నం చూసి, పిల్లల్లో భక్తి పెరిగిందనుకుంది.

వంటమనిషి దాలమ్మ మాత్రం అనుమానపడింది. "ఒల్లు వేడి సేసీసింది మీకు. మజ్జిగ తాగండర్రా" అని గ్లాసులు గ్లాసులు పోసింది. మజ్జిగ మంచిదే. కానీ అది పొట్టలోకి పోయింది. దురద తన చోట తాను క్షేమంగా ఉంది.

ఆ పిల్లల్లో ఢిల్లేశ్వరి అని ఒకతె. కొండ దిగువ పల్లె నుంచి వచ్చింది. తల్లీతండ్రీ లేరు, మేనమామ తవుడు పెంచాడు. ఆ ఏడు పరీక్షలు రాస్తే వాళ్ళ పల్లెలో డిగ్రీ అనేది మొదట ఆ పిల్లకే. తవుడు చెడ్డవాడు కాదు గానీ, ఊళ్ళో నలుగురు నాలుగు మాటలంటే తట్టుకోలేని మనిషి. "సదువుకో. నీ మీద ఒక్క మాట పడిందా, కూలికి జీడిపిక్కలు కొట్టుకుందువు గాని, వొచ్చీ" అని ముందే చెప్పి పంపాడు. అందుకే ఢిల్లేశ్వరి దురదను నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు భరించింది. శుభ్రం చాలక వచ్చిందేమోనని వాసన సబ్బుతో తోమింది. వేడినీళ్ళలో ఘాటు మందు కలిపి కడిగింది. దాంతో దురదకు మంట తోడైంది.

ఒకరోజు అందరూ కాలేజీకి వెళ్ళాక ఆ పిల్ల మెట్ల మీద కూలబడి ఉంది.

"ఏమ్మా, క్లాసు లేదా?" అంది పైడిరత్నం.

"ఉంది మేడమ్. నడవలేకపోతన్నాను."

"కాలు బెణికిందా?"

"కాలు కాదు మేడమ్." ఢిల్లేశ్వరి తలొంచుకుంది. "కాళ్ళ మధ్య. ఒకటే దురద, మంట. పెరుగు విరిగినట్టు తెల్లగా అవుతంది. నాకేటో పెద్ద జబ్బొచ్చీసింది మేడమ్. మా మావయ్యకి సెప్పకండి."

పైడిరత్నం అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరని తేలాక మెల్లిగా ఆ పిల్ల పక్కనే మెట్టు మీద కూచుంది. కూచోవడంలో కొంచెం ఇబ్బంది పడింది కూడా.

"నీకూనా?" అంది.

ఎందుకంటే సర్క్యులరు వచ్చిన రోజు నుంచి ఆవిడా తన బట్టలు బీరువా వెనకే ఆరేసుకుంటోంది. పిల్లలకో నియమం తనకో నియమం పెట్టుకునే మనిషి కాదు గదా.

ఇద్దరూ కలిసి పెద్దాసుపత్రికి వెళ్ళారు. దాలమ్మ కూడా తోడొచ్చింది, పిలవకుండానే. అక్కడ డాక్టరు కిరణ్మయి అని చిన్న వయసావిడ. విడివిడిగా లోపలికి పిలిచి చూసింది, అడగవలసినవన్నీ అడిగింది, సుగరు పరీక్ష కూడా చేయించింది. ఆ తర్వాత కూచోబెట్టి చెప్పింది.

"ఇది ఈస్టు ఇన్ఫెక్షనండీ. ఈస్టు అందరి ఒంట్లోనూ కొద్దో గొప్పో ఉండేదే. మీలో ఉంది, నాలో ఉంది, ఈ గుమ్మం ముందు వెళ్ళే పెద్దమనిషిలోనూ ఉంది. మామూలుగా దాని మానాన అది పడి ఉంటుంది. తడి, వెచ్చదనం, గాలాడని చోటు దొరికితే పెరిగిపోతుంది."

"దోసెల పిండి పొంగినట్టా అమ్మా?" అంది దాలమ్మ.

"ఆ మాత్రం అర్థమైతే చాలు. నడవడికకీ దీనికీ సంబంధం లేదు. సిగ్గుపడి దాచుకుంటే ముదురుతుంది. మందిస్తాను, పూర్తిగా వాడండి. సగంలో ఆపకండి. దుకాణంలో ఎవరో చెప్పిన మందు కొనుక్కోకండి, దురదలన్నీ ఒకటి కావు. ఆ సబ్బులూ ఘాటు నీళ్ళూ మానెయ్యండి, ఉత్త నీళ్ళు చాలు. నూలు బట్ట కట్టండి, వదులుగా." డాక్టరమ్మ మందుచీటీ మీద చివరగా ఒక మాట రాసి కింద గీత గీసింది. "అన్నిటికన్నా ముఖ్యం ఇది. లోబట్టలు బాగా ఆరాలి. ఎండలో వేసుకోండి."

పైడిరత్నం ఆ గీత మీద వేలు పెట్టి మళ్ళీ చదువుకుంది. అన్ని మందులూ దొరుకుతాయి. ఆ చివరి మందుకు మాత్రం పైవారి అనుమతి కావాలి.

మందు పనిచేసింది. ఢిల్లేశ్వరికి తగ్గింది. తగ్గి, మంచం కింది తాడు మీద నుంచి తీసిన చెమ్మబట్ట తొడుక్కోగానే మళ్ళీ వచ్చింది. ఒక్క ఆ పిల్లకే కాదు, తర్వాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చిన హాస్టలు సగానికీ అదే వరస. ఇక లాభం లేదని పైడిరత్నం మందుచీటీ చేత్తో పట్టుకుని, రోడ్డు దాటి, పరాంకుశరావు గదిలోకి వెళ్ళి నిలబడింది.

"సార్, పిల్లలకు దురదగా ఉందండీ."

"దురద. ఊఁ. ఏ ప్రాంతమున?"

పైడిరత్నం మొహం ఎర్రబడింది. "ఆడవాళ్ళకు వచ్చే చోటండీ. లోపల..."

పరాంకుశరావు చెయ్యెత్తి ఆపారు. "దురద వరకు నమోదు చేసుకున్నాము. దాని చిరునామా ఈ కార్యాలయమునకు అనవసరము."

ఆవిడ చీటీ ముందు పెట్టింది. ఎండలో ఆరేయాలని డాక్టరమ్మ రాసిన మాట చూపించింది. ఆయన కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుతూ దాన్ని చాలాసేపు చదివారు.

"ఎండ అనునది ప్రకృతి. ప్రకృతికి మన శాఖ ఏనాడూ వ్యతిరేకము కాదు. అభ్యంతరమల్లా దృష్టికే. అందుచేత ఎండ పడవలెను, చూపు పడరాదు. ఈ రెంటినీ సమన్వయపరచవలసి ఉన్నది."

"ఎదురుగా ఉన్నది తమరి కిటికీ ఒక్కటేనండీ. దాన్ని కాసేపు మూస్తే..."

"కిటికీ మూయుట పరిపాలనాపరంగా సాధ్యపడదు. గాలి ఆడవలెను కదా. గాలాడకపోయినచో మనిషికి ఎంత ఇబ్బందియో మీకు తెలియనిది కాదు."

పైడిరత్నానికి తెలుసు. నిలబడ్డచోటే కాలు మార్చుకుంది.

ఆ వారంలోనే డాబా మీదికి రేకులొచ్చాయి. నాలుగు వైపులా మనిషికి మించిన ఎత్తున దడి కట్టారు. కట్టాక ఎవరో గమనించారు, ఊరి నీళ్ళట్యాంకు ఎక్కితే పైనుంచి కనిపిస్తుందని. ట్యాంకు ఎవరు ఎక్కుతారని ఎవరూ అడగలేదు. దడికి పైకప్పు కూడా వేశారు. ఇప్పుడది తలుపున్న రేకుల పెట్టె అయింది. దాని నెత్తిన బోర్డు పెట్టారు: సూర్యరశ్మి మందిరం.

ప్రారంభోత్సవానికి పరాంకుశరావు వచ్చి కొబ్బరికాయ కొట్టారు. లోపల చీకటిగా ఉండడం వల్ల ఒక చిప్ప దొరకలేదు.

"లోపల ఎండేది బాబూ?" అంది దాలమ్మ.

"సౌరదీపము అమర్చడమైనది. అది పగలంతా బయటి ఎండను సేకరించి లోపల వెలువరించును. సాంకేతికముగా అదియును ఎండయే." ఆయన మైకు వైపు తిరిగారు. "నేటినుండి ఈ వసతిగృహమున దురద గతచరిత్ర."

పిల్లలు చప్పట్లు కొట్టారు. చప్పట్లకు చేతులు పైకి వచ్చాయి గనక ఆ కాసేపు గోక్కోవడం ఆగింది. ఆయన అది పథకం ఫలితమని రాయించారు.

రేకుల పెట్టెలో బట్టలు ఆరలేదు, ఉడికాయి. ఒకటి రెండిటి మీద నల్లటి బూజు చుక్కలు కూడా లేచాయి. పైడిరత్నం మళ్ళీ రోడ్డు దాటింది.

"తగ్గలేదండీ."

"తగ్గియుండవలెను. ప్రారంభోత్సవము జరిగినది కదా."

"అయినా తగ్గలేదు సార్."

పరాంకుశరావు చాలా నొచ్చుకున్నారు. "అటులైనచో అది పథకమునకు సహకరించని దురద. మన గృహము రాష్ట్రస్థాయి దురదరహిత వసతిగృహ పోటీకి నమోదైనది. నెలాఖరుకు ఎవరికి దురద మిగిలియున్నదో వారిని స్వగృహములకు పంపివేయవలసినది. రోగి లేనిచోట రోగముండదు."

"పరీక్షలున్నాయి సార్ పిల్లలకి."

"ఆరోగ్యమే మహాభాగ్యము. పరీక్షలు ఏటేటా వచ్చును."

ఆ మాట వార్డెను నోట విన్న దగ్గర నుంచీ ఢిల్లేశ్వరి పుస్తకం తెరిస్తే అక్షరాల బదులు జీడిపిక్కలే కనిపించాయి. ఇంటికి పంపితే ఏం జబ్బని అడుగుతారు. జబ్బు పేరు చెబితే ఎలా వచ్చిందని అడుగుతారు. ఎలా వచ్చిందంటే పల్లెలో ఎవరికి తోచిన జవాబు వాళ్ళే చెప్పుకుంటారు. తిరిగి రావడమన్నది ఉండదు. ఆ పిల్ల పైడిరత్నం కొంగు పట్టుకుని, "పైనున్న రేకులు తీయించండి మేడమ్, కప్పు ఒక్కటీ తీసినా సాలు" అంది.

పైడిరత్నం ఆసుపత్రికి పోయి డాక్టరమ్మ చేత ఇంకో చీటీ రాయించింది. ఎండ అంటే ఆకాశం నుంచి నేరుగా పడేదే అని. పరాంకుశరావు ఆలోచించి ఒప్పుకున్నారు. కప్పు తీయించారు కూడా. కానీ కప్పు లేనిచోట ఎక్కడి నుంచీ ఏమీ కనిపించడం లేదని రూఢి చేసుకోవాలి. దానికి ఒక బృందం వేశారు. దృశ్య నిర్ధారణ బృందం. ఏ మగవాడి చూపూ పడకూడదన్న నియమం నెరవేరిందో లేదో చూడ్డానికి మగవాళ్ళను నియమించారు, ఆఫీసులో ఉన్నది ఎక్కువమంది వాళ్ళే గనక.

చూడవలసిన వస్తువు ఎలా ఉంటుందో సిబ్బందికి తెలియాలి కదా. డ్రాయింగు మాస్టారి చేత బొమ్మ వేయించారు. ఆయన మర్యాదస్తుడు, మర్యాదగా గీశాడు. చూసినవాళ్ళకు గబ్బిలంలా అనిపించింది. మొదటి రెండు రోజులూ బృందం గబ్బిలాల గురించే నివేదించింది.

తర్వాత అనుభవం వచ్చింది. ఒకాయన సినిమాహాలు కప్పు మీదికెక్కాడు. ఒకాయన బస్టాండులో ఆగిన బస్సు మీదికి. గుమాస్తా అప్పలనరసయ్య, రిటైరుమెంటు దగ్గరపడ్డ మనిషి, మెడలో దుర్భిణీ వేలాడేసుకుని నీళ్ళట్యాంకు మీదికి. అంతకుముందు ఆ డాబా వైపు ఊళ్ళో ఎవరూ తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు ఆఫీసు ఆఫీసంతా ఎత్తైన చోట్లెక్కి, పొద్దు పొడిచింది మొదలు అటే చూస్తోంది. వాళ్ళేం చూస్తున్నారో చూద్దామని ఊరు కూడా ఆగి చూడ్డం మొదలుపెట్టింది. టీ కొట్టువాడు బెంచీలు ఇటు తిప్పి వేశాడు.

ట్యాంకు మీది నుంచి కనిపిస్తే పైడిరత్నానికి కబురొచ్చేది, దండెం తూర్పుకు జరపమని. జరిపితే సినిమాహాలు నుంచి కనిపించేది. పడమరకు జరపమనేవారు. ఎటు జరిపినా రేకుల నీడ. పొద్దస్తమానం ఢిల్లేశ్వరీ ఆవిడా దండెం ఈ మూల నుంచి ఆ మూలకి మోస్తూనే ఉన్నారు. బట్టలు ఆరకుండానే ఊరంతా తిరిగొచ్చినట్టయింది వాటికి.

ఇంతలో అప్పలనరసయ్య భార్య అచ్చియ్యమ్మ నీళ్ళట్యాంకు కింద కుళాయికి బిందె పట్టుకొచ్చింది. పైకి చూసింది. మొగుడు.

"ఏటి సేస్తన్నావు అక్కడెక్కి?"

"డూటీ."

"ఏటి డూటీ?"

"సూడ్డం."

"ఏటి సూడ్డం?"

"ఏటీ అగుపించకుండా ఉన్నాదా లేదా అని సూడ్డం."

"అగుపించకపోతే దిగిపో."

"అగుపించలేదని గట్టిగా తేలాల గదా."

"మరి అగుపిస్తే?"

"అగుపిస్తే రాసుకోవాల."

అచ్చియ్యమ్మ బిందె కింద పెట్టింది. "ఏటని రాస్తావు? రంగులా? కొలతలా? ఇంట్లో నా సీర ఏ రంగో సెప్పు సూద్దాం, నలబయ్యేళ్ళుగా సూస్తన్నావు."

ఆయన చెప్పలేకపోయాడు. కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళంతా విన్నారు. సాయంత్రానికి ప్రతి ఇంట్లోనూ ఇదే భాగవతం. బృందంలో ఉన్నవాళ్ళకు ఆ పూట అన్నం పెట్టిన ఇల్లాలు లేదు. మర్నాడు ఒక్కరూ ఎత్తులెక్కలేదు. ఎక్కితే పొలం గట్టు మీద కొంగల్లా ఆడవాళ్ళు కింద చేరి, "ఏటి బావూ, ఏటైనా అగుపించిందా?" అని అడుగుతారు మరి. బృందంలో అందరూ ఒకటే మాట నేర్చుకున్నారు, లేదమ్మా, ఏమీ కనిపించలేదు, ఒట్టు.

నెలాఖరు దగ్గర పడింది. ఆఫీసు నుంచి ముందే కబురు వెళ్ళిపోయిందేమో, ఒక పొద్దున్న తవుడు హాస్టలు గుమ్మంలో నిలబడ్డాడు. ఖాళీ గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు, సామాను కట్టడానికి.

"పదవే, పోదాం."

ఢిల్లేశ్వరి గోడకు ఆనుకుని నిలబడింది. "పరీచ్చలున్నాయి మావయ్యా."

"సెడ్డ జబ్బొచ్చిందంట గదా నీకు. ఆఫీసు బంట్రోతు నలుగుర్లో సెప్పీసినాడు. ఇంకేటి పరీచ్చలు."

పిల్లలంతా వరండాలోకి వచ్చి నిలబడ్డారు. పైడిరత్నం ఆఫీసు గదిలోంచి వచ్చి గుమ్మంలో ఆగింది. ఇన్నాళ్ళుగా ఆ జబ్బు గురించి మెట్ల మీద గుసగుసగా, డాక్టరు ముందు సన్నగా, అధికారి ముందు సగం సగం మాట్లాడిన మనిషి. ఢిల్లేశ్వరి మొహం చూసింది. ఆ పిల్ల ఏడవడం లేదు, అప్పటికే వెళ్ళిపోయినట్టు ఉంది.

"చెడ్డ జబ్బు కాదు తవుడూ," అంది పైడిరత్నం. రోడ్డు అవతలికి కూడా వినిపించేటంత గొంతుతో. "తడిబట్టల వల్ల వచ్చే దురద. ఈస్టు ఇన్ఫెక్షనంటారు. నాకూ ఉంది."

తవుడు భుజాన సంచి జారింది. "మీకా అమ్మా?"

"నాకే. ఈ వయసులో నేనేం చెడ్డపని చేశానంటావు? నియమం పాటించాను. అంతే."

తవుడు తల గోక్కున్నాడు. "మా ఇంటిదానికీ వానాకాలం ఇలగే ఉంటాదమ్మా," అన్నాడు మెల్లిగా. "నాకు సెప్పదు. గోడకేసి తిరిగి పడుకుంటాది."

"దాన్నీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకురా. నెలాఖరు దాకా ఆగు. ఈ పిల్లకి తగ్గకపోతే అప్పుడు తీసుకుపో, నేనే సామాను కడతాను."

తవుడు ఆగాడు. సంచి మడిచి అరుగు మీద వేసుకుని దాని మీద కూచున్నాడు.

పైడిరత్నం డాబా ఎక్కింది. వెనకాల దాలమ్మ, ఆవిడ వెనక ఢిల్లేశ్వరి, ఆ వెనక పిల్లలందరూ. రేకులు ఊడదీశారు. అవి పడుతుంటే చప్పుడు ఊరంతా వినిపించింది. పాత దండేలు మళ్ళీ కట్టారు. మంచాల కింద నుంచి, పెట్టెల వెనక నుంచి, బీరువా వెనక నుంచి అన్నీ తెచ్చి ఉతికి నేరుగా పడే ఎండలో వేశారు. అన్నిటికన్నా ముందు వరసలో, సరిగ్గా కిటికీకి ఎదురుగా, పైడిరత్నం తనవి వేసింది. వేసి కిందికి దిగుతూ సగం మెట్ల దగ్గర వెనక్కి తిరిగి చూసింది. అయినా వెళ్ళి తీయలేదు.

మధ్యాహ్నానికి పిలుపొచ్చింది. విచారణ.

పరాంకుశరావు హాలులో బల్ల వెనక కూచున్నారు. బృందమంతా, బొమ్మ గీసిన డ్రాయింగు మాస్టారితో సహా, బెంచీ మీద వరసగా ఉన్నారు. పక్కన స్టెనో వరహాలమ్మ పెన్సిలు పట్టుకుని సిద్ధంగా ఉంది. కిటికీల బయట అచ్చియ్యమ్మా, కుళాయి దగ్గరి ఆడవాళ్ళూ నిలబడి ఉన్నారు.

"వార్డెన్ గారూ, ఘోరమైన నియమోల్లంఘన జరిగినది. సున్నిత వస్త్రములు బహిరంగముగా గోచరించుచున్నవి."

పైడిరత్నం రెండు చేతులూ జోడించింది. ఆవిడకు ఎదురు చెప్పే ఉద్దేశం లేదు, ఎదురు చెప్పడం ఎలాగో కూడా తెలియదు. నియమం నియమంలాగే జరగాలన్నదే ఆవిడ బాధ.

"తప్పేనండీ. ఎవరికి గోచరించాయో చెప్పండి సార్. ఆ బాబు కాళ్ళు పట్టుకుని చెప్పుకుంటాను."

"బృంద సభ్యులు చెప్పుదురు. అప్పలనరసయ్యా."

అప్పలనరసయ్య లేచాడు. కిటికీ వైపు చూశాడు. అచ్చియ్యమ్మ చూస్తోంది.

"నాకు ఆకాశం అగుపించింది సార్," అన్నాడు. "ఇంకేటీ లేదు. ఒక మబ్బు."

సినిమాహాలు ఎక్కినాయన, తనకు కళ్ళజోడు మార్చాలని చెప్పాడు. బస్సు ఎక్కినాయన, బస్సు కదిలిపోయిందన్నాడు. డ్రాయింగు మాస్టారు గబ్బిలాలు తప్ప మరేమీ తెలియదన్నాడు. బెంచీ మొత్తం అయిపోయింది. ఊళ్ళో ఎవరి కంటికీ ఏమీ కనిపించలేదు.

పరాంకుశరావు మొహం కందగడ్డలా అయింది. "కిటికీ నుండి స్పష్టముగా కనిపించుచున్నవి. ముందు వరసయందు..."

ఆగిపోయారు.

పైడిరత్నం ఆత్రంగా ఆయన వైపు తిరిగింది. "తమరు చూశారా సార్? అయ్యో, ముందు వరసలోవి నావండి. క్షమించాలి. ఎప్పుడు చూశారో చెప్పండి, ఆ వేళకు తీసేస్తుంటాను."

కిటికీ బయట ఎవరో కిసుక్కుమన్నారు. వరహాలమ్మ పెన్సిలు కాగితం మీద ఆనించింది.

"ఏమని రాయమంటారు సార్? అధికారిగారు కిటికీ వద్ద ఎంతసేపు పరిశీలించారు, ఏ రంగు, ఎవరివి, అన్నీ వివరంగా ఉండాలి కదండీ. పైకి వెళ్ళే కాగితం."

పరాంకుశరావు బల్ల మీది నీళ్ళగ్లాసు తీసుకుని తాగి, మళ్ళీ తాగి, ఖాళీ అయ్యాక కూడా తాగారు.

"రాసుకొనుడు," అన్నారు చివరికి. "ఈ కార్యాలయ దృష్టికి ఏ వస్త్రమూ రాలేదు. గోచరించలేదు. నియమము సంపూర్ణముగా అమలగుచున్నది."

అదీ సంగతి. ఆ రోజు నుంచి హాస్టలు డాబా మీద, ఊరు ఊరంతా చూస్తుండగా, ఏమీ లేదు. ఎర్రటివి లేవు, నీలివి లేవు, పూలవి లేవు. ఏమీ లేనివన్నీ ఎండలో పెళపెళలాడుతూ ఆరేవి. డాక్టరమ్మ ఇచ్చిన మందు ఈసారి నిలబడింది. పిల్లలు ఒక్కొక్కరే ప్రార్థనలో కదలకుండా నిలబడ్డం నేర్చుకున్నారు. నెలాఖరుకు ఢిల్లేశ్వరి డాక్టరమ్మకు చూపించుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగుతూ వచ్చింది. తవుడు అరుగు మీద నుంచి లేచి గోనెసంచి దులుపుకుని, "రాసీ మరి పరీచ్చలు" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ వారం పెళ్ళాన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రి లైన్లో నిలబడ్డాడు, మగవాళ్ళెవరూ నిలబడని లైన్లో.

పోటీలో మన హాస్టలే గెలిచింది. బహుమతి కప్పు ఇవ్వడానికి పరాంకుశరావు స్వయంగా డాబా మీదికి వచ్చారు, ఫొటోకు వెలుతురు అక్కడే బాగుంటుందని ఫొటోగ్రాఫరు పట్టుబట్టడం వల్ల. ఆ రోజు గాలి బాగా వీస్తోంది. ఆయన ప్రసంగం చదువుతుండగా దండెం మీది నుంచి ఏమీ లేనిదొకటి ఎగిరి వచ్చి ఆయన భుజం మీద వాలింది. పసుపుపచ్చ పూలది. ఎవరూ కదల్లేదు. ఆయన కూడా అటు చూడలేదు. చదవడం ఆపలేదు.

"...ఈ గృహమున ఎచ్చటా, ఏ దిక్కునా, ఏమియు గోచరించలేదని సగర్వముగా ప్రకటించుచున్నాను."

దాలమ్మ వెళ్ళి ఆయన భుజం మీది గాలిని మర్యాదగా మడత పెట్టి తీసుకొచ్చింది.

ఢిల్లేశ్వరి డిగ్రీ పాసైంది. ఇప్పుడు పాఠాలు చెబుతోందట, ఆడపిల్లల కాలేజీలో. మొదటి రోజు పాఠం ఇదేనట.

విన్నారు కదా. ఇక మీరు చెప్పాలి. మీ చెల్లెళ్ళకు చెప్పండి, కోడళ్ళకు చెప్పండి, మగపిల్లలు రేపు మీ ఇల్లాళ్ళు గోడకేసి తిరిగి పడుకుంటే అడిగి మరీ చెప్పండి. దాలమ్మ పేరు మరిచిపోయినా ఫరవాలేదు, ఆఫీసరు పేరు మరిచిపోయినా మంచిదే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. కథ ఆ జబ్బు పేరు దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గించకండి. పైడిరత్నం చెప్పినట్టు, రోడ్డు అవతలికి వినిపించేలా చెప్పండి.